కుక్కని వదిలేసి రమ్మంటే...?

"కరుస్తుందా?"

"కరవదండీ. ఊరికే అరుస్తుంది, అంతే."

చిన్న ఊళ్లో ముక్కూముఖం తెలియని ఆడమనిషీ మగమనిషీ నడివీధిలో నిలబడి, చూసేవాళ్లెవరూ బుగ్గలు నొక్కుకోకుండా మాట్లాడుకోగల మాటలు బహు తక్కువ. టైమెంతయిందని అడగొచ్చు. బస్సు వెళ్లిపోయిందా అని అడగొచ్చు. ఆ తర్వాత చెప్పుకోదగ్గది ఇదే! చేతిలో గొలుసూ, గొలుసు చివర ఓ కుక్కా ఉంటే చాలు... ఎంతటి బిడియస్తులకైనా ఒక ప్రశ్న దొరుకుతుంది, దానికో జవాబూ దొరుకుతుంది. రెండోరోజు పేరు అడుగుతారు. మనిషి పేరు కాదు సుమా, కుక్క పేరు! మనిషి పేరు దాకా రావడానికి ఇంకో పదిహేను రోజులు పడుతుంది. నెల్లూరు లాంటి చోట నెల పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇంగ్లీషు నవలల్లో ఇప్పుడు ఈ రకం ప్రేమకథలకి భలే గిరాకీ. ఓ చిన్న ఊరు. అక్కడ మనసు దెబ్బతిని తలుపులు బిగించుకున్న ఒక స్త్రీ, అలాంటివాడే ఒక పురుషుడు. మధ్యలో ఓ కుక్క. క్లెయిర్ కుక్ అనే అమెరికన్ రచయిత్రి 2002లో రాసిన ‘మస్ట్ లవ్ డాగ్స్’ నవల అలాంటిదే. 2005లో సినిమాగా కూడా వచ్చింది. విడాకులు తీసుకున్న ఓ పసిపిల్లల టీచరమ్మకి కొత్త సంబంధం కోసం ప్రకటన ఇస్తారు. అందులో పెట్టిన షరతు ఒక్కటే, వచ్చేవాడికి కుక్కలంటే ఇష్టం ఉండాలి! సినిమాలో తమాషా ఏమిటంటే, తొలిసారి కలుసుకున్నప్పుడు ఆవిడ తెచ్చింది తమ్ముడి కుక్కని, ఆయన తెచ్చింది ఎరువు కుక్కని. ప్రేమ కోసం కుక్కని అరువు తెచ్చుకునే కాలం వచ్చిందన్నమాట!

మన సీరియళ్లలో, నవలల్లో కుక్కలు లేవా అంటే, ఉన్నాయి. కానీ అవి గేటు దగ్గర ఉంటాయి. హీరోగారి బంగళాకి పాలరాతి మెట్లూ, కారూ, వంటమనిషీ ఎలాగో, ఆల్సేషన్ అలాగ. ‘కుక్క ఉన్నది జాగ్రత్త’ అన్న బోర్డు హీరో హోదాని చెబుతుందే తప్ప మనసుని చెప్పదు. ఆ కుక్క లోపలికొచ్చి ఆయన కాళ్ల దగ్గర పడుకున్న కథలు నేను చదివినంతలో అరుదు.

గుంభనం మనుషులు

ఆ ఇంగ్లీషు కథే మన నెల్లూరు సముద్రతీరంలో జరిగిందని కాసేపు ఊహించండి. ఇందుకూరుపేట మీదుగా మైపాడు దాకా వెళ్లే రోడ్డు, దారి పొడుగునా రొయ్యల గుంటలు, కొబ్బరి తోటలు, చివర్న పట్టపుపాలెం. తెల్లవారుజామున వలలు దులిపేచోట వీధికుక్కలు పద్ధతిగా వరసలో కూర్చుని ఉంటాయి, రేషన్ షాపు ముందు మనం కూర్చున్నట్టు! ఏ బోటువాళ్లు చిన్న చేపల్ని విసిరేస్తారో, ఏ బోటువాళ్లు కసురుకుంటారో వాటికి కొట్టినపిండి.

అలాంటి ఊళ్లో ఒక టీచరమ్మ ఉందనుకుందాం. ముప్ఫయి ఎనిమిదేళ్లు. భర్త పోయి ఆరేళ్లయింది. అమ్మతో ఉంటోంది. బదిలీ మీద వచ్చిన ఓ బ్యాంకు ఉద్యోగి కూడా ఉన్నాడనుకుందాం. పెళ్లయింది, విడిపోయింది. దాని గురించి ఎవరడిగినా పేపరు మడిచి లేచిపోతాడు. ఇద్దరూ గుంభనం మనుషులే. ఎందుకవరు? మన ఊళ్ల సంగతి తెలిసిందేగా! పాలబ్బాయి దగ్గర్నుంచి హెడ్మాస్టరు భార్య దాకా ప్రతివాళ్లూ ఒకటే ప్రశ్న, "ఏందమ్మా, ఇంకెన్నాళ్లిట్టా?" అని. ఒంటరి మగవాడికి అద్దెకి ఇల్లు దొరకదు. ఒంటరి ఆడదానికి ఇల్లు దొరికినా దాంతోపాటు నాలుగువైపులా కళ్లూ దొరుకుతాయి. నోరు విప్పితే కథ అల్లుతారు. విప్పకపోతే ఇంకా పెద్ద కథ అల్లుతారు. సాయంత్రం తాళం తీసేసరికి తోకాడిస్తూ ఎదురొచ్చేది ఒక్కటే ఏ ప్రశ్నా అడగదు. ఒంటరివాళ్లు కుక్కల్ని ఎందుకంత ప్రాణంగా చూసుకుంటారో తెలియాలంటే మన ప్రశ్నల్ని మనం ఒకసారి లెక్కపెట్టుకుంటే సరిపోతుంది.

నెల్లూరులో మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ మీరంతా చూసే ఉంటారు, లేదా వినే ఉంటారు. స్వర్ణాల చెరువు నీళ్లలో నిలబడి, కోరిక ఉన్నవాళ్లు, కోరిక తీరినవాళ్ల దగ్గర రొట్టె అందుకుంటారు. చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, సంతాన రొట్టె, ఇప్పుడు వీసా రొట్టె కూడా! వాటిలో పెళ్లి రొట్టె ఒకటి. కులం, మతం అడ్డురాని ఆ పండగలో ఉన్న చిక్కల్లా ఒక్కటే. ఏ రొట్టె కావాలో నోరు తెరిచి అడగాలి. అంతమంది జనంలో మోకాలిలోతు నీళ్లలో నిలబడి, "పెళ్లి రొట్టె ఎవరి దగ్గరుందమ్మా?" అని అడగడం ఇరవై ఏళ్ల పిల్ల తరఫున వాళ్లమ్మకి తేలిక. నలభైకి దగ్గరపడ్డ గుంభనం మనిషికి? నీళ్లలో దిగనే దిగరు. గట్టు మీదే నిలబడి చూసి ఇంటికెళ్లిపోతారు.

పశువుల ఆసుపత్రి వరండా

అలాంటివాళ్లు కలవగల చోటు ఒకటుంది. మండలం ఊరు ప్రతిదానికీ ఉండే ప్రభుత్వ పశువుల ఆసుపత్రి. ముఖ్యంగా జులై 6. 1885లో అదే తేదీన లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరిచిన ఓ పిల్లవాడికి మొట్టమొదటిసారి టీకా వేశాడు. దాని గుర్తుగా ఆ రోజున మన పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి రేబిస్ టీకాలు ఉచితంగా వేస్తారు. ఓ పక్క చూలు గేదె, ఓ పక్క కాలు విరిగిన మేకపోతు, వరండాలో గొలుసులు పట్టుకున్న మనుషులు. ఇంజెక్షన్ అంటే వణికిపోయే కుక్కని ఒక్కళ్లు పట్టుకోలేరు. "కాస్త తల పట్టుకుంటారా?" అని పక్కవాళ్లని అడగక తప్పదు. ఏళ్ల తరబడి ఎవర్నీ ఏదీ అడగని మనిషి అలా నోరు తెరిచి సాయం అడగడం చిన్న విషయం కాదు!

ఇదంతా నా ఊహే అనుకోకండి. ఇంగ్లండులో వార్విక్ యూనివర్సిటీ పరిశోధకులు 2000లో ఓ వ్యాసం ప్రచురించారు. ఒకే మనిషి కుక్కతో వెళ్లిన రోజునా, ఒంటరిగా వెళ్లిన రోజునా ఎంతమంది పలకరిస్తారో లెక్క చూస్తే, కుక్క వెంట ఉన్న రోజున పలకరింపులు బాగా పెరిగాయట. 2015లో జపాన్ శాస్త్రవేత్తలు ఇంకో ముచ్చట చెప్పారు. కుక్కా, దాన్ని పెంచుకునేవాళ్లూ ఒకరి కళ్లల్లోకి ఒకరు చూసుకుంటుంటే ఇద్దరి ఒంట్లోనూ ఆక్సిటోసిన్ పెరుగుతుందట. తల్లికీ బిడ్డకీ మధ్య మమకారాన్ని పెంచే హార్మోనే అది! ఫ్రాన్సులో మరో పరిశోధన జరిగింది. ఓ యువకుడు వీధిలో అమ్మాయిల్ని ఫోన్ నంబరు అడిగితే, కుక్క ఉన్నప్పుడు ఇచ్చినవాళ్లు దాదాపు మూడు రెట్లు ఎక్కువ ఉన్నారట. ఈ ప్రయోగం మాత్రం నెల్లూరు ట్రంకు రోడ్డులో చేయొద్దని అబ్బాయిలకి మనవి. కుక్క ఉన్నా చెప్పు దెబ్బలు తప్పవు.

రష్యన్ కథల రారాజు చెహోవ్ ఈ సంగతి వందేళ్లకి పైగా ముందే, 1899లోనే కనిపెట్టాడు. యాల్టా అనే సముద్రపుటొడ్డు ఊళ్లో తెల్ల పామరేనియన్‌తో ఒంటరిగా తిరిగే ఆవిణ్ణి పలకరించాలని ఓ పెద్దమనిషికి కోరిక. సూటిగా పలకరించలేడు కదా! కుక్కని పిలుస్తాడు. అది గుర్రుమంటుంది. కరవదని ఆవిడ సిగ్గుపడుతూ చెబుతుంది. దానికో ఎముక పెట్టొచ్చా అని ఈయన అనుమతి అడుగుతాడు. ఇక మాటల్లో పడతారు. చూశారా, యాల్టా అయినా మైపాడు అయినా మొదలయ్యేది అక్కడే! కాకపోతే ఆ ఇద్దరికీ అప్పటికే వేరే పెళ్లిళ్లయ్యాయి. అందుకే ఆ కథ చివరిదాకా గుండె బరువెక్కిస్తుంది. కుక్క పరిచయం చేసిపెడుతుందే గానీ, పరిచయం తర్వాత మంచిచెడ్డలు మాత్రం మనుషులే చూసుకోవాలి.

లండన్‌లో ఓ ‘ఫ్లష్’

పరిచయం సరే, అసలు పరీక్ష ఎప్పుడొస్తుంది? దీనికి నాకు తెలిసిన నిజమైన కథల్లో ఎలిజబెత్ బారెట్ కథని మించింది లేదు. కాస్త తీరుబడిగా చెబుతాను.

ఆవిడ పేరుమోసిన ఇంగ్లీషు కవయిత్రి, 1806లో పుట్టింది. తండ్రి మహా మొండిమనిషి. పన్నెండుమంది సంతానంలో ఒక్కరికీ పెళ్లి కాకూడదని ఆయన పంతం! ఎలిజబెత్ ఆరోగ్యం బాగాలేదు. దానికి తోడు 1840లో ఆవిడ ప్రాణంగా చూసుకునే తమ్ముడు సముద్రంలో పడవ మునిగి చనిపోయాడు. ఆ దెబ్బతో ఆవిడ లండన్‌లో వింపోల్ స్ట్రీట్ ఇంట్లో ఓ గదిలో మంచం పట్టింది. ఆ గది దాటి వచ్చేది కాదు, కొత్తవాళ్లని చూసేది కాదు. ఆ దుఃఖం చూడలేక మేరీ మిట్‌ఫర్డ్ అనే స్నేహితురాలు ఓ బంగారు రంగు కాకర్ స్పానియల్ పిల్లని పంపింది. అదే ఫ్లష్. చీకటి గదిలో ఆవిడ మంచం మీద, ఆవిడ పళ్లెంలోంచి తింటూ పెరిగింది.

1845 జనవరిలో ఆవిడ కవితలు చదివి రాబర్ట్ బ్రౌనింగ్ అనే కవి ఉత్తరం రాశాడు. ఆయన ఆవిడకన్నా ఆరేళ్లు చిన్న. ఉత్తరాలు, మళ్లీ ఉత్తరాలు! మే నెల దాకా ఇంటికి రావడానికే ఆవిడ ఒప్పుకోలేదు. వచ్చాక ఫ్లష్ ఒప్పుకోలేదు! ఆయన కాలు పట్టుకుని కరిచింది, ఒకసారి కాదు, రెండుసార్లు. తన చోటులోకి ఎవడో వస్తున్నాడని దానికి ఆవిడకన్నా ముందే తెలిసిపోయింది కాబోలు.

1846 సెప్టెంబరు. ఇద్దరూ తండ్రికి తెలియకుండా పెళ్లి చేసుకుని ఇటలీ వెళ్లిపోవాలని నిశ్చయించుకున్నారు. సరిగ్గా అప్పుడు ఫ్లష్‌ని దొంగలు ఎత్తుకుపోయారు. ఆ రోజుల్లో లండన్‌లో గొప్పవాళ్ల కుక్కల్ని ఎత్తుకుపోయి డబ్బు గుంజడం ఓ వ్యాపారం. డబ్బివ్వకపోతే కుక్క తలే పార్సిల్లో వస్తుందని భయం! తండ్రి డబ్బివ్వొద్దన్నాడు. అది సరే, ఆయన తీరు తెలిసిందే. బ్రౌనింగ్ కూడా ఇవ్వొద్దన్నాడు! దొంగలకి లొంగితే రేపు ఇంకొకరి కుక్కని ఎత్తుకుపోతారు, ఇది న్యాయం కాదు అని ఉత్తరాల్లో వాదించాడు. వాదన తప్పని ఎవరనగలరు? కానీ ఎలిజబెత్ మాట ఒక్కటే. నమ్ముకున్న ప్రాణిని సిద్ధాంతం కోసం వదిలేయలేను అని.

ఏళ్ల తరబడి ఎక్కువగా గదిలోనే గడిపిన ఆ రోగిష్టి మనిషి, పనిమనిషిని వెంటబెట్టుకుని గుర్రబ్బండి ఎక్కి, లండన్‌లో అడుగుపెట్టడానికే భయపడే పేటకి, దొంగల నాయకుడి ఇంటికి వెళ్లింది! చివరికి ఆరు గినీలు చెల్లించాక ఫ్లష్ ఇల్లు చేరింది, దుమ్ము కొట్టుకుపోయి, దాహంతో అల్లాడుతూ. కొద్దిరోజులకే, సెప్టెంబరు 12న రహస్యంగా పెళ్లి. వారం తిరిగేసరికి ఇటలీ ప్రయాణం. ఫ్లష్ కూడా బండెక్కింది! ఓడిన వాదనని బ్రౌనింగ్ మనసులో పెట్టుకోలేదు. తనని రెండుసార్లు కరిచిన కుక్కని తనే వెంటబెట్టుకుని దేశాలు దాటాడు. ఫ్లష్ ఫ్లోరెన్సులో 1854 దాకా బతికింది. వర్జీనియా వుల్ఫ్ దాని జీవితచరిత్రనే 1933లో ఓ పుస్తకంగా రాసింది.

నాకు ఈ కథలో ప్రేమలేఖలకన్నా ఆ బండి ప్రయాణమే గొప్పగా కనిపిస్తుంది. తండ్రి ఇంటి గడప దాటగలనని ఎలిజబెత్‌కి ఆ రోజే తెలిసి ఉంటుంది.

తిక్కనగారి ఊళ్లో

‘దాన్ని వదిలేయి’ అన్న మాటకి జవాబు కోసం లండన్ దాకా వెళ్లడం ఎందుకు, మన నెల్లూరులోనే ఉంది కదా!

మనుమసిద్ధి కొలువులో మంత్రిగా, కవిగా ఉన్న తిక్కన సోమయాజి 13వ శతాబ్దంలో, పెన్న ఒడ్డున ఉన్న ఈ సింహపురిలోనే విరాటపర్వం నుంచి చివరి దాకా పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. అందులో పదిహేడోది మహాప్రస్థానిక పర్వం. రాజ్యం వదిలి పాండవులు హిమాలయాలకి బయల్దేరతారు. వెంట ఓ కుక్క కూడా నడుస్తుంది. ముందు ద్రౌపది పడిపోతుంది. తర్వాత సహదేవుడు, నకులుడు, అర్జునుడు, భీముడు. చివరికి మిగిలింది ధర్మరాజు, ఆ కుక్క. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమంటాడు. కుక్కకి మాత్రం స్వర్గంలో చోటు లేదు, దాన్ని వదిలి రమ్మంటాడు. తమ్ముళ్లు పడిపోతుంటే ఆగకుండా నడిచిన ధర్మరాజు అక్కడ ఆగిపోయాడు! నమ్మి వెంట వచ్చినదాన్ని వదిలి వచ్చే స్వర్గం నాకొద్దన్నాడు. ఆ కుక్కే యమధర్మరాజు అని తర్వాత తేలింది. ధర్మరాజుకి మాత్రం ఆ సంగతి అప్పుడు తెలియదు. ఆయన దృష్టిలో అది మామూలు కుక్కే. అసలు గొప్పతనమంతా అక్కడే ఉంది.

ఇంకో విశేషం. భారతం మొదట్లో కూడా కుక్కే ఉంది. నన్నయగారి ఆదిపర్వంలో సరమ అనే దేవలోకపు కుక్క, తన పిల్లని అన్యాయంగా కొట్టారని నేరుగా జనమేజయ మహారాజు కొలువుకి వచ్చి నిలదీస్తుంది. నిరపరాధుల్ని హింసిస్తే అనుకోని ఆపదలు వచ్చిపడతాయని హెచ్చరించి మరీ వెళుతుంది. తల్లి అంటే అదీ! కుక్కబతుకు, కుక్కచావు అని తిట్లన్నిటికీ కుక్కనే వాడుకునే మనం, పంచమ వేదం కుక్కతో మొదలై కుక్కతోనే ముగింపుకి వస్తుందన్న సంగతి మరిచిపోతాం.

2022లో వచ్చిన ‘777 చార్లి’ సినిమా తెలుగులోనూ చూశాం కదూ? కన్నడంలో కిరణ్‌రాజ్ తీశాడు. ఎవరితోనూ కలవని, నవ్వని ఓ ఫ్యాక్టరీ కార్మికుడి ఇంటికి లాబ్రడార్ ఒకటి వచ్చిపడుతుంది. దానికి జబ్బని తెలిశాక మంచు చూపించడానికి హిమాలయాల దాకా తీసుకెళతాడు. ఆ కథానాయకుడి పేరు ధర్మ! చిక్కుమల్లె లాంటి ఆ మనిషిని అర్థం చేసుకునే అమ్మాయి జంతు సంక్షేమ శాఖ ఉద్యోగిని. ఇద్దరి మధ్యా డ్యూయెట్లు లేవు. ఆ కుక్కని అతను ఎలా చూసుకుంటున్నాడో ఆమె చూస్తుంది, అంతే. ఒక ఆడదానికి మగవాడి గురించి అంతకన్నా ఏం తెలియాలి చెప్పండి?

జంట కలిసి జంతువుల కోసం నిలబడితే ఎంత పని జరుగుతుందో చూడాలంటే నెల్లూరు నుంచి మద్రాసు ఎంత దూరం? అక్కడ కెప్టెన్ వి. సుందరం, ఆయన భార్య ఉష ఇద్దరూ విమాన పైలట్లు. స్వతంత్ర భారతంలో తొలి మహిళా పైలట్‌గా ఉషగారికి పేరు. వాళ్లు 1959లో టి. నగర్ ఇంట్లో మొదలుపెట్టిన ‘బ్లూ క్రాస్’ 1964లో వీధికుక్కల్ని చంపకుండా ఆపరేషన్ చేసి సంతానాన్ని అరికట్టే పద్ధతి తెచ్చింది. ఇప్పుడు దేశమంతటా వినిపించే మాట అదే. మన హైదరాబాదులో అమల 1992లో బ్లూ క్రాస్ పెట్టింది. నాగార్జునతో ఆమె పెళ్లి జరిగిందీ ఆ ఏడాదే. కొత్తకోడలు ఇంటితో పాటు మూగజీవుల ఆసుపత్రిని కూడా సర్దుకుందన్నమాట!

పెళ్లికూతురి వెంట ఎవరెవరు?

ఇప్పుడు మన ఇళ్లకి వద్దాం. పుట్టింట్లో ఆడపిల్ల ఓ కుక్కపిల్లని తెచ్చి పాలు పట్టి, పరీక్షలకి చదువుకుంటున్నప్పుడు కాళ్ల దగ్గర పడుకోబెట్టుకుని పెంచుతుంది. పెళ్లవుతుంది. అప్పగింతలప్పుడు తల్లి ఏడుస్తుంది, తండ్రి కళ్లు తుడుచుకుంటాడు. కుక్క ఎక్కడుంది? బంధువుల్ని చూసి అరుస్తోందని పెరట్లో కట్టేసి ఉంటుంది! దాని దగ్గర సెలవు తీసుకోవడానికి పిల్లకి వ్యవధే ఉండదు. నెల రోజులు అది గేటు దగ్గర కూర్చుని అన్నం ముట్టదు. ఆ మాట ఫోన్‌లో చెబితే పిల్ల బెంగపడుతుందని ఇంట్లోవాళ్లు చెప్పరు. అటు అత్తగారింట్లో ఈ పిల్ల కుక్క గుర్తొచ్చి ఏడిస్తే నవ్వుతారని అమ్మ గుర్తొచ్చిందని అబద్ధం చెబుతుంది.

రెండో పెళ్లిళ్లలో ఇది ఇంకా గట్టి చిక్కు. ఒంటరిగా ఉన్న ఏడెనిమిదేళ్లూ తోడున్న ప్రాణి అది. కట్నం వద్దు, లాంఛనాలు వద్దు, పెళ్లి సింపుల్‌గా రిజిస్ట్రారాఫీసులోనే చేద్దాం అనే పెద్దమనుషులు కూడా, "ఆ కుక్కని మాత్రం ఎక్కడన్నా ఇచ్చేసి రామ్మా" అంటారు, సోఫా అమ్మేసి రమ్మన్నంత తేలిగ్గా! ఆ మాటకి అవతలి మనిషి ఏమంటాడన్నది చూడాలి. "అది కూడా వస్తుంది" అన్నాడా, సగం సంబంధం కుదిరినట్టే. "నాక్కాదు, మా అమ్మకి పడదు" అన్నాడంటే... రేపు పడనివి ఇంకెన్ని ఉంటాయో! పెళ్లిచూపుల్లో జీతం అడుగుతాం, సిగరెట్ తాగుతాడా అని అడుగుతాం. కుక్క సంగతి ముందే అడగడానికి సిగ్గెందుకు?

అలాగని అత్తగార్లనందర్నీ రాక్షసుల్లా చిత్రించడం నాకిష్టం లేదు. ఆవిడకి ఆయాసం ఉండొచ్చు. కుక్కబొచ్చు పడక రాత్రంతా కూర్చోవలసి రావొచ్చు. అది నిజమైన ఇబ్బంది, డాక్టరుకి చూపించి తేల్చుకోవాలి. ఇంట్లో పాకే పసివాడుంటే భయం సహజమే. రెండు గదుల అద్దె ఇల్లయితే ఇంకా కష్టం. అపార్టుమెంట్లలో పెంపుడు జంతువుల్ని నిషేధించే అధికారం సంఘాలకి లేదని జంతు సంక్షేమ మండలి 2015లోనే చెప్పింది గానీ, ఇంటి ఓనరుతో రోజూ పోట్లాడుతూ బతకలేం కదా. మడీ ఆచారం అంటారా, దత్తాత్రేయస్వామి పటంలో ఆయన పాదాల దగ్గర నాలుగు కుక్కలుంటాయి. నాలుగు వేదాలకీ అవే ప్రతీకలంటారు పెద్దలు. పూజగదిలోకి, వంటింట్లోకి రాకుండా కుక్కకి వారం రోజుల్లో నేర్పొచ్చు. మొగుడికి నేర్పడానికే ఏళ్లు పడుతుంది!

ఒకటి మాత్రం ఎవరూ చేయకూడదు. కుక్కని కారెక్కించుకుపోయి ఏ కోడూరు బీచి దగ్గరో, హైవే దాబా దగ్గరో దింపేసి రావడం. ఇంట్లో పెరిగిన కుక్క వీధిలో పదిరోజులు కూడా బతకలేదు, అక్కడి కుక్కలు చీల్చేస్తాయి. పైగా అది చట్టప్రకారం నేరం. పార్లమెంటులో రుక్మిణీదేవి అరండేల్ పట్టుబట్టిన ఫలితంగా 1960లో వచ్చిన జంతుహింస నివారణ చట్టంలోనే ఆ మాట ఉంది. మరీ తప్పనిసరైతే, కుక్క ఎరిగిన మనిషికే, పుట్టింట్లోనో స్నేహితురాలింట్లోనో, మాట తీసుకుని అప్పగించాలి. నెలకోసారి వెళ్లి చూడాలి కూడా.

కొత్త ఇంట్లో మొదటి వారం

ఇద్దరూ ఒప్పుకున్నారు, కుక్క కూడా వస్తోంది. అప్పుడేం చేయాలి?

పెళ్లి హడావుడి అయ్యాకే తీసుకురండి. బాజాలకి, బాణసంచాకి బెదిరి పారిపోయిన కుక్కలెన్నో! దాని పాత దుప్పటి ఉతక్కుండా తీసుకురండి, ఆ వాసనే దానికి పుట్టిల్లు. రెండువైపులా కుక్కలుంటే ఇంట్లోనే ఎదురుపడనీయకండి. బయట రోడ్డు మీద, ఎవరి గొలుసు వాళ్లు పట్టుకుని నాలుగురోజులు పక్కపక్కన నడిపించాక ఒకేసారి గడప దాటించండి. గిన్నెలు వేరు, పడక వేరు. దానికి మొదటి అన్నం కొత్తగా వచ్చిన మనిషి చేత్తో పెట్టించండి. కాలు పట్టుకున్నా బ్రౌనింగ్‌గారిని తలుచుకుని ఓర్చుకోమనండి!

తిండి విషయం నెల్లూరువాళ్లకి కాస్త గట్టిగా చెప్పాలి. మామిడికాయ వేసిన చేపల పులుసు మర్నాటికి ఊరి ఎంత రుచిగా ఉన్నా కుక్కకి పెట్టకూడదు. ఉల్లి, వెల్లుల్లి వాటి రక్తాన్ని పాడుచేస్తాయి. ద్రాక్ష, కిస్మిస్ మూత్రపిండాలని దెబ్బతీస్తాయి, కాబట్టి పాయసం గిన్నె నాకనివ్వకండి. చాక్లెట్ విషమే. వండిన కోడి ఎముకలు పుల్లల్లా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఉప్పూకారం లేకుండా ఉడికించి ముల్లు తీసిన చేప, మెత్తటి అన్నం, కాస్త పెరుగు, ఉడికిన గుమ్మడిముక్క... దానికదే విందు. కత్తెర ఎండల్లో పొద్దున్న ఏడులోపు, సాయంత్రం పొద్దుగుంకాకే తిప్పండి. తారురోడ్డు మీద మీ అరచెయ్యి వెనకభాగం అయిదు సెకన్లు ఆనించలేకపోతే దాని పాదాలూ కాలుతున్నట్టే. మన ఊరి నాటుకుక్క తట్టుకుంటుంది గానీ, మంచుదేశపు హస్కీలని తెచ్చి నెల్లూరు ఎండలో పెంచాలన్న సరదా మాత్రం నాకు అర్థం కాదు.

మూడోనెలలో రేబిస్ టీకా, తర్వాత ఏటేటా మళ్లీ. పిల్లలున్న ఇంట్లో నట్టలమందు మానకండి. కరవదండీ అని అందరికీ చెప్పినా, ఒక్కోసారి కరుస్తుంది. అది ఇంటి కుక్కయినా వీధికుక్కయినా, పసుపు, కారం, సున్నం లాంటివి పూయకండి. ధారగా పడే నీటి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పరిగెత్తండి. చర్మానికి వేసే పద్ధతిలో ఆ రోజు, మళ్లీ 3, 7, 28 రోజులకి సూదులు. కండకి వేస్తే 14వ రోజున ఇంకొకటి. గాయం లోతుగా ఉంటే అదనంగా ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా వేస్తారు. గర్భిణులూ నిరభ్యంతరంగా వేయించుకోవచ్చు. ఒక్క సూదితో నొప్పి తగ్గిందని మిగతావి మానేయడం ప్రాణాంతకం, ఎందుకంటే జబ్బు బయటపడ్డాక దానికి మందు లేదు.

టీకాల కార్డు కూడా సారెతో పాటు పెట్టెలో పెట్టి పంపండి. అందులో ‘యజమాని పేరు’ అని ఓ గడి ఉంటుంది. పశువుల డాక్టరుగారిని అడిగి రెండోపేరు కూడా పక్కనే రాయించండి.